గవాచి కాడ కావలి

ఆళ్లగడ్డ మాకు ఏమంత దూరం కాదు. నంద్యాలలో పొద్దున్నే బస్సెక్కితే పది గంటలకల్లా దిగొచ్చు. అయినా నా భార్య చనిపోయిన ఏడాదికి గానీ ఆ దారి పట్టలేదు. నేను పత్తిమిల్లులో గుమాస్తాను. నేను పనికి పోతే మా పద్మ, తొమ్మిదేళ్లది, అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చునేది. ఇంటామె వరండాలో కూడా ఆడనిచ్చేది కాదు. పిల్లకు మాటలు తగ్గిపోయాయి. ఆళ్లగడ్డలో ఉండే నా భార్య అక్క, నాగమ్మ వదిన, పిల్లను తన దగ్గర వదలమని కబురు మీద కబురు పంపింది.

ఏడున్నరకు బయలుదేరాం. బస్సుల కాడి హోటల్లో ఉగ్గాని, బజ్జీలు బాగుంటాయి. అటు పోయేవాళ్లు తినే ఎక్కండి. పద్మ రెండు ముద్దలు తిని చాలంది. "నీకు బాగుండకపోతే రేపు నాతోనే వచ్చేద్దువు" అన్నాను. తలూపింది.

శిరివెళ్లలో ఎక్కిన ముసలాయన మా పక్కనే ఇరుక్కున్నాడు.

"యాడికప్పా?"

"ఆళ్లగడ్డకు. పాపను వాళ్ల పెద్దమ్మ దగ్గర వదలాలని."

"పిల్ల ఉంటాదా?"

"చూడాల" అన్నాను. ఉండాలనే తీసుకుపోతున్నాను. ఉండనంటే బాగుండునని కూడా ఉంది. రెండూ నిజమే.

వదిన వాళ్లది రోడ్డు పక్కనే ఆరిళ్ల వాకిలి. ఆరు కుటుంబాలకు ఒకటే బావి, నాపబండలు పరిచిన ఒకటే ముంగిలి. మట్టిమిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం వల్ల పైన అంతా ఒకటే బయలు. పెద్దవాళ్లు కొర్రలు, మిరపకాయలు ఎండేసుకోవడానికి తప్ప పైకెక్కరు. మిగతా వేళంతా మిద్దె పిల్లలదే. వెలుతురు కోసం ప్రతి ఇంటి కప్పుకూ ఒక గవాచి, అంటే మూరెడు కన్నం, ఉంటుంది. చిన్నపిల్లలు పైన ఆడేటప్పుడు ఒక్కో గవాచి దగ్గర కాస్త పెద్దపిల్ల ఒకతె కావలి కూర్చోవాలి. అది ఆ వాకిలి కట్టుబాటు.

పిల్లలందరికీ పెద్ద జైనాబీ, దర్జీ సాయిబు కూతురు. పద్నాలుగేళ్లుంటాయి. పద్మను చూసి పేరైనా అడగలేదు. చెయ్యి పట్టుకుని నిచ్చెనెక్కించింది.

"మీ పెద్దమ్మోళ్ల గవాచి ఇది. నీదే. చిన్నోళ్లను ఈడికి రానీయొద్దు. ఎవురు పిల్చినా లేయొద్దు."

మధ్యాహ్నం వదిన జొన్నరొట్టె, ఊరిబిండి పెట్టింది. తింటూ తలెత్తితే గవాచిలో పద్మ ముఖం కనిపించింది.

"దిగి రా పాపా, తిందువు."

"నేను రాను నాయనా. కావలుండాల."

అన్ని మాటలు ఆ పిల్ల ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్లైందో. వదిన చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. రొట్టె పైకి అందించాం. పైన ఎవరో మస్తాను అనే బుడ్డోణ్ణి పద్మ గద్దిస్తుంటే వింటూ కూర్చున్నాను. అచ్చం వాళ్లమ్మ గొంతే. ఆ గొంతు కోసమే కదా ఏడాదిగా అల్లాడుతున్నాను, అది దొరికిన చోట నాకు చోటు లేదు.

మర్నాడు ఎనిమిదింటికి బస్సు. నిచ్చెన ఎక్కి తల మాత్రం పైకి పెట్టి అడిగాను.

"పోదామా పాపా?"

గవాచి వైపు చూసుకుంది.

"నేనొస్తే ఈడెవురుంటారు నాయనా?"

మా గదిలో ఎవరుంటారని అడగాలనిపించింది. తల నిమిరి దిగిపోయాను.

ఆళ్లగడ్డ బస్సు వదిన వాళ్ల వాకిలి ముందు నుంచే పోతుంది. నంద్యాల వచ్చేవాళ్లు కుడివైపు కూర్చుంటే ఆ మిద్దెలు కనిపిస్తాయి. హారను విని పిల్లలంతా మిద్దె అంచుకు పరుగెత్తుకొచ్చి చేతులూపారు. నేనూ కిటికీలోంచి చెయ్యి ఊపాను. వెనకాల గవాచి కాడ ఒక్కతె మాత్రం అటు తిరిగి, లేవకుండా కూర్చునే ఉంది.

పక్కన గంప పెట్టుకున్న ఆమె అడిగింది: "ఎవురికప్పా చెయ్యూపుతాండావు?"

"మా పాపకు. అదిగో, ఆ కూర్చున్న పిల్ల."

"ఆ పిల్ల ఇటు చూడనే లేదే."

"పనిలో ఉందిలేమ్మా" అన్నాను.