వందనను ఎవరూ అడగలేదు

సిద్దిపేట–చేర్యాల బస్సులో వందన కండక్టర్. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి చూసి ఆమె ఒక్క కేక వేసిందంటే డ్రైవరు కూడా ఉలిక్కిపడేవాడు. అలాంటి మనిషి ఏడాదిగా, నెలలో వారం రోజులు గొంతు పెగలక, సీటు కమ్మీ పట్టుకుని నిలబడుతోంది. రక్తం ఆగేది కాదు. ఖాకీ చొక్కా కింద నల్ల చీర తప్ప ఇంకోటి కట్టే ధైర్యం లేకపోయింది.

చివరికి భర్త మహేశ్ ఆమెను ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. స్కానింగ్ చేసి, గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. పెద్ద డాక్టరు ఆ బొమ్మను మహేశ్ వైపు తిప్పాడు.

"ఇద్దరు పిల్లలున్నరు గదా. ఇంక గర్భసంచితో ఏం పని? తీసేస్తే పీడ పోతది. సోమవారం అడ్మిట్ చేయండి."

మహేశ్ తలూపాడు.

వందనకు ఒళ్లు మండిపోయింది. "కడుపు నాది సార్. ఆయనతోని మాట్లాడుతున్నరేంది? కోయకుంట ఇంకో దారి లేదా?"

"ఏమీ లేదమ్మా," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండానే.

బయటికి రాగానే మహేశ్ మీద విరుచుకుపడింది. "గంగిరెద్దు లెక్క తలకాయ ఊపితివి! నన్నొక్క మాట అడిగినవా?"

"డాక్టర్ సాబ్ చెప్పినంక మనకేమెరుక?" అని గొణిగాడతను. చెడ్డవాడు కాదు. డాక్టరు మాటకు ఎదురు చెప్పొచ్చని తెలియదంతే.

వందన కోపం వెనక ఇంకో కోపం ఉంది. అక్క యాదలక్ష్మికి ముప్పయ్యేళ్లు నిండకముందే ఇదే దవాఖానలో గర్భసంచి తీశారు. అండాశయాలు కూడా తీసేశారని తర్వాతెప్పుడో తెలిసింది. వయసు మీద పడకముందే ఆమె ముసలిదైపోయింది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పులు.

సోమవారం వందన అడ్మిట్ కాలేదు. సర్కారు దవాఖానకు పోయింది. అక్కడ శ్రీజ అనే డాక్టరమ్మ, వందనకన్నా చిన్నది, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"గడ్డలున్నయని సంచే తీయాల్నని లేదక్కా. మందులున్నయి. గడ్డ ఒక్కటే తీసే ఆపరేషనుంది. కోత లేకుంట స్కానింగ్ తరంగాలతోనే గడ్డను మాడ్చే పద్ధతి గూడ ఉంది. భూతద్దంతో ఎండను ఒక్క తాన పెడితే కాగితం కాలుతది చూడు, అట్ల. అయితే అందరికీ పనికిరాదు. హైదరాబాద్‌ల ఎమ్మారై తీస్తేనే తెలుస్తది. నీకేది కావాల్నో ఆలోచించుకో."

నీకేది కావాల్నో! ఆ మాటకే వందన కళ్లు చెమ్మగిల్లాయి. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది. ఇన్ని దారులుంటే ఆ పెద్దమనిషి ఏమీ లేదని ఏ నోటితో అన్నాడు?

హైదరాబాదులో పరీక్ష చేసి, కోత లేని ఆ పద్ధతి ఆమెకు పనికొస్తుందన్నారు. యంత్రంలో బోర్లా పడుకోబెట్టి చేతికి ఒక మీట ఇచ్చారు. నొప్పయితే నొక్కమన్నారు. నడుములో చురుక్కుమనగానే నొక్కింది. యంత్రం నిజంగానే ఆగింది. ఆమె సరేనన్నాకే మళ్లీ మొదలుపెట్టారు. మర్నాడు ఇంటికొచ్చింది. గడ్డ ఒక్కసారిగా మాయం కాలేదు. నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోయింది, రక్తం పోవడం తగ్గింది. చిన్నది ఇంకోటి మిగిలింది, దాన్ని అప్పుడప్పుడు చూపించుకోవాలి.

ఒంట్లో సత్తువ రాగానే అక్కను వెంటబెట్టుకుని ఆ ప్రైవేటు దవాఖానకే పోయింది.

"ఇంకో దారి లేదన్నరు గదా సార్. ఉన్నది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీకు అర్థమవుతుందా? హైదరాబాద్ దాకా మీరు తిరుగుతారా?"

"బస్సుల పొద్దంత తిరిగేదాన్ని, తిరగనని మీకెవలు చెప్పిన్రు? పోతనో పోనో నేను చెప్పాలె!"

ఆ గొంతు బయట బెంచీల మీదున్న ఆడవాళ్లందరికీ వినపడింది. డాక్టరు బెల్లు నొక్కి తర్వాతి పేషెంటును పిలిచాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు.

బయటికొచ్చాక యాదలక్ష్మి నడవలేక గోడకానుకుని నిలబడింది.

"గప్పుడు నన్ను గూడ ఎవలన్న అడిగితే, వద్దందును చెల్లే."

వందన అక్క చేయి పట్టుకుంది. దవాఖాన బోర్డు వైపు ఇంకోసారి ఉరిమి చూసి, ఆమెను మెల్లగా బస్టాండు వైపు నడిపించింది.