బీరువాలో దాచిన ఎస్సెస్డీ

మా బావ ఏ వస్తువు కొన్నా అడిగేది ఒక్కటే: ఇది ఎన్నేళ్లు వస్తుంది? మిక్సీ కొన్నా, ఫ్యాన్ కొన్నా, గొడుగు కొన్నా అదే ప్రశ్న. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే మనిషి. తానమ్మిన లుంగీ నాలుగు ఉతుకులకు వెలిసిపోయినా ఫరవాలేదు కానీ, ఎదుటివాడి సరుకు మాత్రం తన మనవళ్ల దాకా రావాలంటాడు.

ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని వేలూరు తెచ్చి, పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్సెస్డీ వేయించాడు. మా తొరపాడి ఇంటికి దగ్గర్లోని అంగడే కాబట్టి నేనూ వెంట ఉన్నాను. అరచేతిలో పట్టేంత పలచటి పెట్టె. బావ దాన్ని తిప్పి తిప్పి చూసి, అడగాల్సింది అడిగాడు. అంగడాయన, ఎక్కువ రాసేకొద్దీ ఇది అరుగుతుంది, అయినా ఇంటి వాడకానికి మీరు కంప్యూటర్ మార్చేదాకా దీనికేం కాదు అన్నాడు. ఆ రెండు ముక్కల్లో బావ చెవికెక్కింది మొదటిదే.

అప్పటినుంచి ఆ ఇంట్లో కంప్యూటర్ మడి కట్టుకుంది. అక్క ఫోటోలు ఎక్కిస్తే అరుగుతుంది. కూతురు సినిమా ఎక్కిస్తే అరుగుతుంది. ఆ పిల్ల కాలేజీ పని టైపు చేస్తుంటే వెనకాల నిలబడి, అంత పొడుగు రాయాలా అని అడిగేవాడు.

ఇంతలో అత్త పాటల సంగతి వచ్చింది. అత్త అంటే బావకు అమ్మ, మాకు మేనత్త. నలుగు పెట్టేటప్పుడూ, వియ్యపురాలిని ఆటపట్టించేటప్పుడూ, పిల్లను అప్పగించేటప్పుడూ పాడాలంటే అణైకట్ పల్లెల నుంచి కూడా ఆమెకే కబురొచ్చేది. ఆ పాటలు ఎక్కడా అచ్చులో లేవు. మా ఇళ్లలో తెలుగు మాట్లాడని మనిషి లేదు, బడి చదువులన్నీ అరవంలోనే కాబట్టి తెలుగు చదవగలిగిన మనిషి నేను తప్ప లేదు. నేను రాసి పెడతానంటే బావ నవ్వాడు. మెషిన్ ఉండగా నీ కోడిగీతలెందుకు మరదలా అన్నాడు. కూతురి ఫోన్‌లో అత్త చేత వరసగా అన్నీ పాడించి, ఎస్సెస్డీలోకి ఎక్కించారు. ఫోన్‌లో ఉన్నవి చెరిపేశారు. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలకు చోటు కావాలి కదా.

ఇక బావకు కొత్త బెంగ పట్టుకుంది. ఇంత విలువైనవి అందులో ఉంటే రోజూ వాడి అరగదీస్తామా? మా వాళ్లకు ఈ జబ్బు మొదటినుంచీ ఉంది. పట్టుచీర మంచిదైతే కట్టరు. వెండి పళ్లెం మంచిదైతే అందులో తినరు. చుట్టాల కోసం కొన్న పింగాణీ కప్పుల్లో చుట్టాలకు కూడా కాఫీ పోయరు. మంచిదైతే బీరువాకెక్కాల్సిందే. బావ ఎస్సెస్డీని ఊడదీయించి, కంప్యూటర్‌కు పాత డిస్కే మళ్లీ తగిలించి, దీన్ని మాత్రం పసుపు గుడ్డలో చుట్టి అక్క పెళ్లిచీర మడతల్లో పెట్టి తాళం వేశాడు. ఆ బీరువా ఉన్నది మేడమీద గదిలో. ఎండాకాలం ఆ గది గోడ మీద చెయ్యి పెట్టలేం.

అంతటితో ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? ఏ పెళ్లివారు అత్తను పిలవడానికొచ్చినా, ఆమెకెందుకింక ఆయాసం, పాటలన్నీ మా బీరువాలో భద్రంగా ఉన్నాయి అనేవాడు. పందిట్లోకి బీరువా తెచ్చుకోలేరు కాబట్టి వాళ్లు స్పీకర్లో సినిమా పాటలు పెట్టుకునేవారు. అత్త బియ్యం ఏరుతూ కూనిరాగం తీసినా, గొంతు నొప్పి తెచ్చుకోకమ్మా అనేవాడు. మెల్లగా పిలుపులు ఆగిపోయాయి. అత్త టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

కొన్నేళ్లకు కూతురి పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది కాట్పాడి. ఆ పిల్ల నగలడగలేదు, చీరలడగలేదు. అప్పగింతలప్పుడు అవ్వ పాటే కావాలంది. బావ స్నానం చేసి, తాళం తీసి, పురిటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎస్సెస్డీని కిందికి తెచ్చాడు. తగిలిస్తే పాటల పేర్లు కనిపించాయి, పాటలు లేవు. ఒకటి గరగరమని ఆగిపోయింది. మిగతావి అసలు తెరుచుకోలేదు.

మళ్లీ వేలూరు అంగడికి పోయాం. ఆయన ఏవేవో తగిలించి చూసి, అప్పుడప్పుడూ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పెడితే ఇది లోపలున్నదాన్ని కొంచెం కొంచెంగా వదిలేస్తుంది, వేడి తోడైతే ఇంకా తొందరగా పోతుంది అన్నాడు. బావ నమ్మలేదు.

"వాడనే లేదు కదప్పా. కొత్తది మాదిరే ఉండాది."

వారంటీ గడువు ఇంకా ఉంది. పెట్టె మార్చిస్తారట. పాటల మాట వారంటీలో లేదు.

తిరుగు బస్సులో బావ తేరుకున్నాడు. అమ్మ ఇంట్లోనే ఉంది, మళ్లీ పాడిస్తే సరిపోయె అన్నాడు. ఇంటికి రాగానే అత్త ముందు ఫోన్ పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. అత్త కళ్లు మూసుకుని అప్పగింతల పాట ఎత్తుకుంది. మొదటి చరణం సగంలో ఆగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, అక్కడికే వచ్చి ఆగింది. రాగం ముందుకు పోతోంది, మాటలు రావడం లేదు. అక్క మంచినీళ్లిచ్చింది. తాగి మళ్లీ పాడింది, మళ్లీ అక్కడే ఆగింది.

తప్పంతా పెట్టెదేనని తేల్చడానికి బావ అంగడాయన చెప్పింది మొత్తం వాళ్లమ్మకు చెప్పాడు. వాడకపోతే మరిచిపోతుందట అన్నాడు. అత్త నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"నన్ను మాత్రం ఎవురు పాడమన్నారు నాయనా? భద్రంగా ఉండాదని నువ్వే చెప్తా వచ్చినావు. సరి, దాంట్లో ఉండాది కదా అని నేనూ వదిలేసినా."

బావను ఎగతాళి చెయ్యడం మరదలిగా నా హక్కు. ఆ రోజు మాత్రం నవ్వు రానంత కోపం వచ్చింది.

పెళ్లిలో అప్పగింతలప్పుడు అత్త తనకు గుర్తున్న ఆ సగం చరణమే పాడింది. అయిపోగానే మళ్లీ అదే ఎత్తుకుంది. పిల్ల ఆమె చెయ్యి వదలకుండా ఏడుస్తూ తర్వాతి మాట కోసం చూసింది. చుట్టూ అంతమంది ఆడవాళ్లున్నారు. ఒక్కరూ ఆ మాట అందించలేకపోయారు. ఆ పాట బావ బీరువాలో భద్రంగా ఉందనే వాళ్లంతా ఇన్నేళ్లూ నమ్మారు.