ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి

పోయిన వారం నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలులో, దూరపు బంధువుల నిశ్చితార్థంలో, పెద్దనాన్న నాకు ఎదురుపడ్డాడు. చేతిలో ఐస్‌క్రీం కప్పు ఉంది. నన్ను చూసి, దాన్ని సగంలోనే బల్ల మీద పెట్టేసి అవతలి వరుసకు వెళ్లిపోయాడు. ఐస్‌క్రీం వదిలేసేంత కోపం ఆయనకు ఇంకెవరి మీదా ఉండి ఉండదు. నాకూ తక్కువేమీ లేదు. పోయి పలకరించమని అమ్మ మోచేత్తో పొడిచింది. నేను పోలేదు. సిగ్గు వల్ల కాదు. ఆ సాకు నాకు చాలాచోట్ల పనికొచ్చింది గానీ ఇక్కడ అక్కర్లేదు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు, ఆబిడ్స్‌లో ఆయన మందుల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు కొట్టాను. గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే సందులో మొదటి అంతస్తు. అట్టపెట్టెల వాసన, బి-కాంప్లెక్స్ వాసన, కింది హోటల్ నుంచి మరిగీ మరిగీ చిక్కబడిన చాయ్ వాసన. నాలుగు కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపే ఒక పాత పెద్ద మిషన్. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు బల్లల కింద పాకుతూ తానే వైరు లాగి ఆ నెట్‌వర్కు పెట్టుకున్నాడట. ప్రతి కొత్త కస్టమరూ చాయ్‌తో పాటు ఆ కథ కూడా మింగాల్సిందే. దసరాకు దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆదివారం ఎవరూ చాటుగా బిల్లు కొట్టకుండా, ఆ రోజు మిషన్ ఎవరినీ లోపలికి రానివ్వని కట్టడి కూడా ఆయన పెట్టిందే. నేను రాక్‌ల మధ్య కూర్చొని, పని లేనప్పుడు ఒడిలో నవల తెరుచుకునేదాన్ని. నా గొంతు అక్కడ ఎవరూ సరిగా విని ఉండరు.

ఒక పొద్దున నాలుగు కంప్యూటర్లూ మా పాస్‌వర్డులు తీసుకోలేదు. పెద్ద మిషన్ తెర మీద నేను పుట్టకముందటి తేదీ ఒకటి కనిపించింది. ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌లో తేదీకి కేటాయించిన చోటు చిన్నది. రోజులు లెక్కపెడుతూ పోయి ఆ చోటు నిండగానే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రాసినవాళ్లు తమ సరుకును ఇన్నేళ్లు వాడతారని అనుకొని ఉండరు. వాళ్లకు మా పెద్దనాన్న తెలియడు కదా. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నది. ఆ పొద్దున మాత్రం, ముందురోజు మిషన్ ఆపింది నేనే కాబట్టి తప్పు నాదైంది.

"ఏం నొక్కినవే? ముప్పై ఏండ్ల సంది నా చేతుల గిట్లా ఎన్నడన్న అయిందా?" అన్నాడు అందరి ముందూ.

మధ్యాహ్నానికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. తేదీ ఆ చిన్న చోటులో పట్టేలా మిషన్ గడియారాన్ని ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి తిప్పాడు. అన్నేళ్ల కిందట తేదీలూ వారాలూ సరిగ్గా ఇప్పటిలాగే కలుస్తాయి కాబట్టి ఆయన ఆదివారం కట్టడి చెడదు. మిషన్ లేచి కూర్చుంది. బిల్లు మీద పడే పాత సంవత్సరం మీద రబ్బరు స్టాంపుతో అసలుది కొట్టడం నా పని. నాకెవరూ క్షమాపణ చెప్పలేదు; మిఠాయి మాత్రం పంచారు. కొన్నాళ్లకు, ఇంటికెళ్లి డైరీ తెరిచినా నా చెయ్యి పాత సంవత్సరమే రాయబోయేది.

మరుసటి నెల నాంపల్లి స్టేషన్ దగ్గరి మెడికల్ షాపు ఆర్డరుకు బీపీ మాత్రల డబ్బా తీస్తే, దాని గడువు అప్పటికే దాటిపోయి ఉంది. అలాంటి మందుకు బిల్లు కొడితే మిషన్ కూతపెట్టి ఆపేయాలి. ఆపుతుందన్న ధీమాతోనే మాలో ఎవరూ డబ్బాలు తిప్పి చూసేవాళ్లు కాదు. అది ఆ దుకాణపు పద్ధతి. మిషన్ కిక్కురుమనలేదు. దాని లెక్కలో ఆ మాత్రలు ఇంకా తయారే కాలేదు.

డబ్బా తీసుకెళ్లి పెద్దనాన్నకు చూపించాను. మెల్లగా చెప్పాను కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మిషన్ ఆపిందా? ఆపలే. అదే ఆపనప్పుడు నీకేం ఫికర్?" అన్నాడు.

బుకాయిస్తున్నాడనుకున్నాను. కాదు. తన చేత్తో వెనక్కి తిప్పిన గడియారాన్ని ఆయన నిజంగానే నమ్మేశాడు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. రాక్‌లు వెతికితే అలాంటి డబ్బాలు మరికొన్ని దొరికాయి. కొన్ని అప్పటికే షాపులకు వెళ్లిపోయాయి. వాళ్లకు చెప్పాలన్నాను. దుకాణం ఇజ్జత్ పోతుందనీ, నోరు మూసుకొని కూర్చోమనీ అన్నాడు.

నేను కౌంటరు మీది ఫోను తీశాను. ఫోనులో మాట్లాడాలంటే ముందు కాగితం మీద రాసుకునే మనిషిని. ఆ రోజు రాసుకోలేదు. "అరే, గీమెకు నోరు గూడ ఉన్నదా" అని సేల్స్‌మన్ ఒకడు నవ్వాడు. ఉస్మాన్‌గంజ్ షాపతను డబ్బా వెనక్కి పంపుతానన్నాడు. ఖైరతాబాద్ షాపతను మాత్రం రెండు షీట్లు అమ్ముడుపోయాయన్నాడు. ఎవరికని అడిగాను. ఎవరో ముసలమ్మ, పేరు తెలియదట. అంతలో పెద్దనాన్న వచ్చి ఫోను వైరు పీకేశాడు.

"గీ మాత్రలు పెద్దమ్మకిస్తవా, పెద్దనాన్నా?" అన్నాను. పెద్దమ్మకు బీపీ ఉంది.

ఆయన పీకిన వైరును చేతికి చుట్టుకున్నాడు. అన్నది ఒకటే మాట: "రేపటి సంది రాకు."

మిగతా డబ్బాలు చాలావరకు వెనక్కి వచ్చాయనీ, కొత్త సిస్టమ్ కొన్నారనీ, నేను దుకాణాన్ని రోడ్డుకీడ్చానని ఆయన అందరికీ చెబుతున్నాడనీ తర్వాత విన్నాను. చెప్పుకోనీ. నాకు గుర్తొచ్చేది ఆ ముసలమ్మే. ఆమెకు ఏమీ కాకపోయి ఉండవచ్చు కూడా. ఆబిడ్స్‌లో మేము ఏ సంవత్సరమని పెట్టుకున్నా, ఆమె ఒంట్లో నెత్తురు మాత్రం అసలు సంవత్సరంలోనే పరుగెత్తుతూ ఉండి ఉంటుంది.