బండ్లకు ఒక్కపూట విశ్రాంతి

కనకరాజు యంత్రాన్ని యంత్రమని ఎప్పుడూ అనడు. బండి అంటాడు. నాచారం పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు చేసే కార్ఖానాలో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో లేతుమిషను బండి. ఇప్పుడు కస్టమర్లకు కంప్యూటర్ పనులు చేసిపెట్టే మా ఆఫీసులో కంటికి కనిపించని వర్చువల్ మెషీన్లూ బండ్లే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. కస్టమర్లతో ఫోన్లో మాట్లాడేది నేను. వెనకనుంచి ఆయన "మీ బండి మస్తు ఉరుకుతుంది సార్" అని కేకేస్తే, అవతలివాళ్లు మమ్మల్ని ట్రావెల్స్ వాళ్లనుకుంటారేమోనని నా బాధ. పోనుపోను నాకూ అదే నోటికి పట్టేసింది.

కార్ఖానా మూతపడ్డాక ఆయన అదే వీధిలో ఉన్న మా ఆఫీసుకు కరెంటు, ఏసీ చూసుకునే పనికి వచ్చాడు. అప్పుడు మా సర్వర్లన్నీ వెనకగదిలోనే ఉండేవి. తరవాత అవి ఒక్కొక్కటే క్లౌడ్‌లోకి పోయాయి. అంటే, ఎక్కడో పెద్ద కంపెనీవాళ్ల దగ్గర లెక్కలేనన్ని యంత్రాలుంటాయి, వాటిలో మనకు కావలసినంత భాగం అద్దెకు తీసుకుని ఇక్కడినుంచి నడుపుకోవడం. గది ఖాళీ అయింది. ఖాళీ గదికి ఏసీ మనిషి ఎందుకని మా ఓనరు జగన్మోహన్ ఆయన ముఖం మీదే అన్నాడు. కనకరాజు నొచ్చుకోలేదు, నల్ల తెరమీద కమాండ్లు కొట్టే పని నేర్పించమన్నాడు. నలభై దాటిన మనిషి. సుత్తి పట్టిన వేళ్లు, ఒక మీట నొక్కబోతే రెండు పడేవి. అయినా ఉప్పల్ నుంచి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బస్సులో కమాండ్లు గొణుక్కుంటూ నేర్చేసుకున్నాడు. కమాండ్లన్నిటినీ వరసగా కూర్చి స్క్రిప్టులు రాయడం కూడా వచ్చింది. ఆయన ఒక్క మాట కొడితే బండ్లన్నీ వరసగా లేచేవి, వరసగా పడుకునేవి.

కార్ఖానానుంచి ఆయన వెంట తెచ్చుకున్నది ఒక్కటే, ఆయుధపూజ. ఆ రోజు నాచారంలో ఏ యంత్రమూ తిరగదు. కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి వదిలేస్తారు. ఏడాదంతా మన మాట విన్న యంత్రాన్ని ఆ ఒక్కపూట ముట్టుకోకూడదని ఆయన పట్టింపు. మా దగ్గర బొట్టు పెట్టడానికి ఇనుము లేదు కదా. అందుకని కస్టమర్లు వాడని బండ్లన్నిటినీ స్క్రిప్టుతో ఆపేసి, మానిటరు అంచుకు కుంకుమ పెట్టి, గుమ్మం ముందు గుమ్మడికాయ, కొబ్బరికాయ కొట్టేవాడు. మేమంతా నవ్వుకుంటూనే కొబ్బరిముక్కలు తినేవాళ్లం.

ఈసారి మాత్రం ఆయన స్క్రిప్టులో ఒక కమాండు మార్చాడు. అదివరకు ఆపినప్పుడు బండి పడుకునేదే కాని, దాని కింద ఉన్న అసలు యంత్రం మాత్రం మన పేరుమీదే పట్టి ఉండేది. "అది రెస్టు ఎట్ల అయితది చెల్లె? నిలబడి కునికినట్టే గదా" అన్నాడు నాతో. ఈసారి యంత్రాన్ని పూర్తిగా వదిలేసే కమాండు పెట్టాడు. పూజ అయ్యాక బండి ఇంకో యంత్రం మీద లేస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు. రేపు బండ్లకు విశ్రాంతి అని ఎప్పటిలాగే అందరికీ మెసేజీ పెట్టాడు. కమాండు మార్చిన సంగతి మాత్రం అందులో రాయలేదు.

బండిలో సరుకు పెట్టుకోవడానికి రెండు జాగాలుంటాయి. ఒకటి శాశ్వతం, బండి ఎక్కడ లేచినా వెంట వస్తుంది. రెండోది తాత్కాలికం, వేగం ఎక్కువ, కాని కింది యంత్రాన్ని వదిలేస్తే అందులోది అక్కడితో సరి. మా బిందుమాధవి అప్పుడు చేస్తున్న పని ఆ రెండో జాగాలో ఉంది. తొందరగా అవుతుందని అక్కడ పెట్టుకుంది, అయ్యాక ఇవతలికి తెచ్చుకుందామనుకుంది. విశ్రాంతి మెసేజీ చూసింది. ఏటా ఆపేదే, ఏమీ పోదని నాగోల్‌లో అత్తగారింటికి పండక్కి వెళ్లింది.

అక్కడున్నది ఒక మనిషి గొంతు.

మేడిపల్లిలో గిరిధర్ సార్ అని సోషల్ చెప్పే మాస్టారు. గొంతులో క్యాన్సరు. ఆపరేషను చేస్తే మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకని ఆపరేషనుకు ముందు బిందుమాధవి వాళ్లింటికి వెళ్లి ఆయన మాటలు రికార్డు చేసింది. ఆయన మంచంమీద కూర్చుని చదివేవాడు, భార్య పద్మావతి పక్కనే కూర్చుని మధ్యమధ్యలో నీళ్లందించేది. ఇద్దరూ మాట్లాడుకున్నవి కూడా ఎక్కించమని సారే అడిగాడట. ఆ మాటలతో బండికి ఆయన గొంతు నేర్పిస్తే, తరవాత ఆయన టాబ్లెట్‌లో టైపు చేసింది ఆయన గొంతుతోనే బయటికి వస్తుంది. కస్టమరు గొంతు మన దగ్గర ఇంకోచోట మిగలకూడదని ఆఫీసు నియమం, అందుకని బండిలోకి ఎక్కించగానే రికార్డరు తుడిచేసింది. ఆపరేషను దసరాకు ముందే అయిపోయింది. మాట పోయింది.

పండగ మరునాడు బిందుమాధవి బండి తెరిచి చూస్తే ఆ జాగా ఖాళీ. క్లౌడ్ కంపెనీకి ఫోన్ చేశాను. అది తాత్కాలికమని రాసే ఉంది కదా, తిరిగి రాదని మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద విని నాకు ఏడుపొచ్చింది.

జగన్మోహన్ అందరినీ కూర్చోబెట్టాడు. తప్పు బిందుమాధవిదని ఒకరు, పూజదని ఒకరు. చివరికి ఓనరుగారు తేల్చిందేమిటంటే, సాంకేతిక కారణాల వల్ల గొంతు సరిగా రాలేదని సార్ వాళ్లకు ఒక ముక్క చెప్పేసి ఊరుకోవడం. ఆ మాట చెప్పే పని నాకప్పగించాడు. నాకు తిక్క రేగి, నేను చెప్పనన్నాను. బిందుమాధవి తలెత్తలేదు. కనకరాజు లేచి నిలబడ్డాడు.

"కమాండు మార్చింది నేను. ఆ పిల్లకు జెప్పకపోయింది గూడ నేనే. పోయి నేనే జెప్త" అన్నాడు.

ఆయన ఒంటరిగా వెళ్లడం నాకు నచ్చలేదు, నేనూ వెంట వెళ్లాను. గిరిధర్ సార్ మెడకు కట్టుతో కుర్చీలో ఉన్నాడు. కనకరాజు డొంకతిరుగుడుగా మాట్లాడలేదు. కార్ఖానా రోజులనుంచి ఉన్న అలవాటు, బండ్లకు రెస్టు ఇద్దామనుకున్నది, కమాండు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పి చేతులు జోడించాడు. పద్మావతి లోపలికి వెళ్లిపోయింది. తరవాత సార్ పలక తీసుకుని రాశాడు: "మా నాయన గూడ ఆయుధపూజనాడు నాగలి ముట్టకపోతుండె." అది క్షమించడమో, ఊరికే అన్నదో మాకు తెలియలేదు.

దారి చూపించింది పద్మావతే. లాక్‌డౌన్లో బడులు మూసినప్పుడు సార్ పాఠాలు ఫోన్లో చెప్పి పిల్లల గ్రూపుల్లో పంపేవాడట. సార్ ఫోన్లోనూ తన ఫోన్లోనూ అవి లేవు, పిల్లల దగ్గర ఉన్నాయేమో అంది. కనకరాజు ఆఫీసు అయ్యాక రోజూ అదే పనిగా తిరిగాడు. ఉప్పల్లో, బోడుప్పల్‌లో ఒక్కో ఇల్లూ అడిగాడు. చాలామంది ఫోన్లు మార్చేశారు. కొందరు జాగా చాలక తుడిచేశారు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న కావ్య అనే అమ్మాయి మాత్రం పాత ఫోను పారేయకుండా ఉంచింది. అందులో సార్ పాఠాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. కనకరాజు ఆ ఫోనును రెండు చేతుల్తో పట్టుకుని తెచ్చాడు. బిందుమాధవి ఈసారి ఒకటికి మూడుచోట్ల దాచి పని మొదలుపెట్టింది.

గొంతు వచ్చింది. అచ్చం వచ్చింది. టాబ్లెట్ ఇవ్వడానికి జగన్మోహన్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు, ఆయన సంగతి నేను చెప్పకపోవడమే మంచిది. గిరిధర్ సార్ వేలితో మెల్లగా టైపు చేశాడు. టాబ్లెట్ ఖంగున పలికింది: "పద్మా, నువ్వు తిన్నవా?"

వెనకబెంచీ దాకా వినిపించే అలవాటుతో చెప్పిన పాఠాలవి. ఒక్కో మాటా విడివిడిగా, రాసుకోమన్నట్టు పలికింది. మేమంతా చప్పట్లు కొట్టాం. బిందుమాధవి కళ్లు తుడుచుకుంది.

"గొంతు ఆయనదే. బడి గొంతు" అంది పద్మావతి. "ఇంట్ల గిట్ల ఎన్నడు మాట్లాడలే."

శబ్దం తగ్గించి చూడమని కనకరాజు అన్నాడు. బిందుమాధవి తగ్గించింది. బడి గొంతు దూరంనుంచి వినిపించినట్టుంది, అంతే. ఇంట్లో మాట్లాడిన గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ తరవాత సార్ మళ్లీ బడికి వెళ్లాడు, టాబ్లెట్‌తో పాఠం చెప్పాడు. పిల్లలు సంతోషపడ్డారని విన్నాం. టాబ్లెట్‌కు సార్ గొంతు అందించే బండిని కనకరాజు తనే కనిపెట్టుకుని ఉన్నాడు. అది నడుస్తోందో లేదో, ఎప్పుడెప్పుడు పలికిందో చెప్పే స్క్రిప్టు రాసుకుని పొద్దున్నా సాయంత్రం చూసేవాడు. పగలంతా బండికి పని ఉండేది, సాయంత్రమయ్యేసరికి నిశ్శబ్దం. ఆదివారాలు అసలు మాటే లేదు. ఇంట్లో నెట్టు చెడిందేమో, సార్ మాట్లాడలేక అవస్థ పడుతున్నాడేమోనని ఆయనకు గుబులు పట్టుకుంది. ఒక ఆదివారం నన్ను తీసుకుని మళ్లీ మేడిపల్లి వెళ్లాడు.

సార్ వరండాలో పేపరు చదువుకుంటున్నాడు, మమ్మల్ని చూసి నవ్వాడు. టాబ్లెట్ బీరువా మీద ఉంది. కనకరాజు దాన్ని తీసి చూశాడు. నెట్టు ఉంది, బండి బాగానే ఉంది.

"ఏం ఖరాబు కాలేదన్నా. ఇంట్ల నేనే బంద్ పెట్టమన్న" అంది పద్మావతి, టీ గ్లాసులు పెడుతూ. "ఆయన అసలు గొంతు నాకు ఇంకా యాదికుంది. రోజు దీన్ని ఇంటే అది మర్శిపోతనేమోనని భయమైతుంది."

కనకరాజు టాబ్లెట్‌ను ఎక్కడిది అక్కడ పెట్టేశాడు.