మా లెక్కల సార్, రెండు బ్యాచ్‌లు

మా లెక్కల సార్ పోయారు. సోమవారం పొద్దున నేను కుక్కర్ మూత పెడుతుండగా వాళ్లావిడ ఫోన్ చేసి, "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అన్నారు. "వచ్చే ఆదివారం మా అమ్మాయిని తీసుకొస్తానని సార్‌తో చెప్పానండీ" అన్నాను. అదేం జవాబో నాకిప్పటికీ అర్థం కాలేదు.

సంగతేమిటంటే, మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది. కంప్యూటర్ కోర్సులో చేరాలా వద్దా, ఈ వారంలో తేల్చుకోవాలి. "ఏఐ తనకన్నా తెలివైన ఏఐని తనే తయారుచేస్తుందట, అది ఇంకోదాన్ని. నేను చదివి బయటికొచ్చేసరికి ఇంకేం మిగులుతుందమ్మా?" అంటుంది. వాళ్ల నాన్న మాత్రం "ఏం కాదు, చేరు" అంటారు. ఇవాళ వాన పడదని కూడా ఆయన అంతే ధీమాగా చెబుతారు. నాకేమో బుర్ర పనిచేయక సార్‌కి ఫోన్ చేశాను.

దిల్‌సుఖ్‌నగర్ సందులో, చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచేది సార్ ట్యూషన్. ఎంట్రెన్స్ దగ్గరపడ్డాక సార్ పరీక్ష పేపర్లు ఇవ్వడం మానేసేవారు. "ఇగ మీ పేపర్ మీరే తయారుజేస్కోండ్రి, మీరే దిద్దుకోండ్రి" అనేవారు. మా బ్యాచ్ పంతానికి పోయి వారం వారం లెక్కల్ని ఇంకా ఇంకా కష్టం చేసింది. ఒకరోజు మా లెక్క సార్‌కే రాలేదు. చాక్‌పీస్ పక్కన పెట్టి, వచ్చి మా బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. "నాకొస్తలేదు. ఎవరికన్నా వస్తె చెప్పుండ్రి" అన్నారు. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎంట్రెన్స్‌లో మాకు మంచి ర్యాంకులొచ్చాయి.

మరుసటి ఏడు బ్యాచ్ కూడా అచ్చం అదే చేసింది. మార్కులు వారం వారం పెరిగాయి. సార్ మురిసిపోయి జిలేబీలు పంచారు. ఎంట్రెన్స్‌లో మాత్రం అందరూ బోల్తాపడ్డారు. తీరా చూస్తే, తమకు వచ్చిన నాలుగు రకాల లెక్కల్నే అంకెలు మార్చి మార్చి ఇచ్చుకున్నారట. సార్ సైదాబాద్‌లో, చంపాపేట్‌లో వాళ్ల ఇళ్లకు తిరిగి, "తప్పు పిల్లలది కాదు, నాది" అని చెప్పి వచ్చారు.

ఫోన్లో మా అమ్మాయి సందేహం వినగానే సార్‌కి ఆ రెండు బ్యాచ్‌లే గుర్తొచ్చాయి.

"గా ఏఐ ఏ బ్యాచో నాకు తెల్వది బిడ్డా. లోపల కూసున్నోళ్లకు రెండూ ఒక్కతీర్గనే ఉంటయ్. రెండిటికీ సార్‌ని నేనే, నాకే తెల్వలె. బయటి పేపర్, గదే ఎంట్రెన్స్, ముంగట పడ్డంక తెల్సింది."

"మరి దీనికి బయటి పేపర్ ఎవరిస్తారు సార్?"

నవ్వబోయి దగ్గారు. "ఆదివారం పిల్లను తీస్కరా. ముగ్గురం కూసొని పరేషాన్ అయితం."

ఆ ఆదివారం రాకుండానే వెళ్లిపోయారు. నాకు దుఃఖంతో పాటు కోపంగా కూడా ఉంది. తెలియదని ఇంత ధైర్యంగా చెప్పే పెద్దవాళ్లు నాకు ఇంకెవరున్నారు?

అమ్మాయిని వెంటబెట్టుకుని సార్ ఇంటికి వెళ్లాను. రెండు బ్యాచ్‌ల వాళ్లూ వచ్చారు. అందరికీ తలలు నెరిశాయి, అందరూ ఏడుస్తున్నారు. "ఇందులో బోల్తాపడ్డ బ్యాచ్ ఎవరమ్మా?" అని మా అమ్మాయి చెవిలో అడిగింది. ఒక్కొక్కరినీ పరికించి చూశాను. పోల్చుకోలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో మెట్రో ఎక్కి పక్కపక్కన కూర్చున్నాం.

"చేరనా మరి?" అంది.

"నాకు తెలియదే తల్లీ."

నా వైపు తిరిగింది. "ఆ బయటి పేపర్ తయారుచేయాలన్నా ఎవరికో ఒకరికి లెక్కలు రావాలి కదమ్మా?"

మేం దిగాల్సిన ఆఖరి స్టేషన్ ఎల్బీనగర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం మా మోకాళ్లకు రాసుకుంటూ దిగిపోతున్నారు. మా అమ్మాయి మాత్రం జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ కూర్చునే ఉంది.