తమ్ముడి కాలి మంట

దెయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు నవ్వొస్తుంది. మా వీధిలో ఎవరైనా దిష్టి తగిలిందని వస్తే "ముందు అన్నం తిన్నావా తల్లీ?" అని అడిగే రకాన్ని నేను. అలాంటి నేనే ఇది చెబుతున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం పర్లేదు.

నేనుండేది నల్లపాడులో. మా తమ్ముడు శీను సత్తెనపల్లి దగ్గర మా పుట్టింటి ఊళ్ళోనే మిరప వేసేవాడు. వాడికి షుగర్ ఉందని తెలిసి చాలా ఏళ్ళయింది. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. కాళ్ళు జాగ్రత్తరా అంటే ఎగతాళి.

"కాళ్ళు తీసేసేది ఏసీలో కూర్చునేవాళ్ళకక్కా. మన షుగరంతా చెమటలోనే పోద్ది" అనేవాడు.

కొన్నేళ్ళపాటు వాడి అరికాళ్ళు విపరీతంగా మండాయి. కల్లంలో ఎండుమిరపకాయలు వట్టి కాళ్ళతో తొక్కుతూ తిరగేసేవాడికి మంట మామూలే కదా అనుకున్నాం అందరం. తర్వాత ఆ మంట దానంతటదే తగ్గిపోయింది. షుగర్ దారికొచ్చిందని వాడు ఊరంతా చెప్పుకున్నాడు. మా మరదలు గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టింది. నరాలు చచ్చుబడితే మంటే తెలియదని మాలో ఒక్కరికీ తోచలేదు.

కాయ కోతల రోజులు. పట్టపగలు, వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కుడికాలి బొటనవేలి కింద ఒక్కసారిగా మంట మొదలైంది. అమ్మో, అదేం మంట! పచ్చిపుండులో కారం కూరినట్టుంది. ఆ రోజు నేను కారం డబ్బా ముట్టనే లేదు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. చిన్న గీత కూడా లేదు. నీళ్ళు పోశాను, నూనె రాశాను. తగ్గలేదు.

ఎందుకో శీను గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"ఏరా, నీ కాళ్ళెలా ఉన్నాయి?"

"బ్రహ్మాండంగా ఉన్నాయక్కా. కల్లంలోనే ఉన్నా."

ఆ మాట విన్నా నా మనసు ఊరుకోలేదు. కుంటుకుంటూ బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వాడు కాయ మీద మామూలుగా నడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. మంచం మీద కూర్చోబెట్టి కుడికాలు ఎత్తి చూశాను. బొటనవేలి కింద లోతైన పుండు, అందులో మిరప గింజలు. ఏ ముల్లు గుచ్చుకుందో, ఎన్నాళ్ళయిందో వాడికే తెలియదు. "ఇదెప్పుడు పడిందక్కా?" అని నన్నే అడిగాడు.

గింజలు తీసి పుండు కడుగుతుంటే వాడు కాయ రేటు గురించి కబుర్లు చెబుతున్నాడు. నీళ్ళు వాడి పుండు మీద పడ్డప్పుడల్లా కేక పెట్టింది నేను. మా మరదలు పక్కనే ఉంది, చూసింది.

గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. అంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వాడికి కట్టు మార్చేటప్పుడల్లా నేను వరండాలో బెంచీ పట్టుకుని ఏడ్చేదాన్ని. లోపల ఎప్పుడు మొదలుపెట్టారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాక్కూడా షుగర్ ఉందేమోనని పరీక్ష చేయించారు. లేదు. నరాలు కూడా బాగానే ఉన్నాయన్నారు.

చీము పైకి పాకింది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. వాణ్ణి థియేటర్ లోంచి బయటికి తెచ్చేలోపే నా కాలి మంట పోయింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున వాడు ఏడుస్తూ పిలిచాడు. "అక్కా, కుడికాలు మండిపోతోందక్కా. బొటనవేలి కింద. కారం పెట్టినట్టుంది."

ఆ కాలే లేదు.

కాలు తీసేసినవాళ్ళకు అలా అనిపిస్తుందని, అది నరాల పనని డాక్టరు గారు చెప్పారు. "వాడిది సరేనండీ. మరి రెండు కాళ్ళూ ఉన్న నా సంగతేమిటి?" అని అడిగాను. ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రోజంతా దుప్పటి మీద, కాలు ఉండాల్సిన ఖాళీ చోట చేత్తో నిమురుతూ కూర్చున్నాను. "అక్కడేనక్కా, ఇంకొంచెం కిందికి" అనేవాడు. నిమిరితే కళ్ళు మూసుకునేవాడు.

ఆ వేసవి దాటకముందే ఒళ్ళంతా విషం పాకి వాడు పోయాడు.

ఆ మంట నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. దేవుడు పంపాడని మరదలు అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. పంపేవాడు, పుండు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే పంపకూడదా?