అన్నిటికంటే పనికిరానిది

మొన్న ఆదివారం ఉయ్యూరు నుంచి పిన్ని కూతురు వచ్చి, చెప్పులైనా విప్పకుండా "అక్కా, నీ ఫ్రెంచి నోట్సు ఇంకా ఉందా?" అంది. బెజవాడలో నేను ఇంటర్ చదివిన కాలేజీలోనే చేరింది. మాస్టారు ఆయనే, జవాబులూ అవేనట. ఈ ఏడేళ్లలో కాలేజీ గోడలకు రెండుసార్లు సున్నం వేశారు గాని ఆయన నోట్సు మాత్రం మారలేదు.

నాకేమో తెలుగు తీసుకోవాలని ఉండేది. "తెలుగు ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నావుగా, దానికి కాలేజీ ఎందుకే? ఫ్రెంచికైతే మార్కులు ధారపోస్తారు" అన్నారు నాన్నగారు. ఎదురు చెప్పే నోరు నాకెక్కడిది? డైరీలో నాలుగు పేజీలు తిట్టుకుని ఫ్రెంచిలో చేరాను. మాస్టారు యానాంలో నేర్చుకొచ్చారు. ఆయన ఫ్రెంచికి గోదావరి యాస ఉండేది. పాఠం చెప్పడమంటే కళ్లు మూసుకుని జవాబులు చెప్పి రాయించడం. దేనికంటే ఏది ఎక్కువో, అన్నిటికంటే ఏది తక్కువో చెప్పే పాఠానికి 'నా చదువు' అని ఒక జవాబు రాయించారు. చరిత్ర కంటే లెక్కలు ఉపయోగం. లెక్కల కంటే ఫిజిక్సు కష్టం. అన్నిటికంటే అందమైనది ఫ్రెంచి. అన్నిటికంటే పనికిరానిది తెలుగు. ఎవరికి ఏది ఇష్టమో అడక్కుండానే క్లాసంతటికీ ఒకే 'నా చదువు'!

అద్దె పుస్తకాల షాపు నుంచి తెలుగు నవలలు పైట చాటున తెచ్చుకునే నాకు ఆ చివరి మాట రాయడానికి చెయ్యి రాలేదు. అర్ధసంవత్సర పరీక్షలో తారుమారు చేశాను. అందమైనది తెలుగు, పనికిరానిది ఫ్రెంచి. మాస్టారు నన్ను లేపి నిలబెట్టి, అది క్లాసుకు చదివి వినిపించి, ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు.

"ఏమ్మా, నిన్ను అభిప్రాయం అడిగారా, జవాబు అడిగారా?"

"జవాబేనండీ."

క్లాసంతా నవ్వింది. ఆ జవాబు కాగితాన్ని మాత్రం పట్టుదలగా నోట్సులో అంటించి దాచాను. ఆయన్ని ఎంత తక్కువ చేసి రాయాలో అంతా డైరీలో రాశాను. పబ్లిక్ పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. కామా పోకుండా ఆయన జవాబే రాశాను. క్లాసు ఫస్టు వచ్చిందని నాన్నగారు వీధంతా బందరు లడ్డూలు పంచారు. ఆ రోజు నా డైరీలో పేజీ ఖాళీ.

నేను తీసిచ్చిన నోట్సు తిరగేస్తూ పిన్ని కూతురు ఆ కాగితం దగ్గర ఆగింది. "ఇదే బాగుంది కదక్కా! ఇది రాయనా?"

"నిన్ను అభిప్రాయం అడిగారా?" అన్నాను.

మాస్టారు ఏడేళ్లుగా మారలేదని అప్పటిదాకా నవ్వుకుంటున్నాను. ఆ ఏడేళ్లూ మారుతూ వచ్చింది నేనే.